మూసీ యొడ్డున మరణవాఙ్మూలములు

2026 నవంబరు 19వ తేదీకి భారత శిక్షాస్మృతిలో 304-బి అను సెక్షను చేరి నలువది సంవత్సరములు నిండుచున్నవి. పెండ్లియైన ఏడేండ్లలోపల ఒక స్త్రీ కాలిన గాయములతోనో, మరియొక అసహజ కారణముచేతనో మరణించి, ఆ మరణమునకు కొంచెము ముందు కట్నముకొరకు భర్తగాని, ఆతని బంధువులుగాని ఆమెను హింసించిరని రుజువైనచో, ఆ మృతికి వారే కారకులని న్యాయస్థానము భావింపవలెనని 1986లో ఆ సెక్షనును, దానికి తోడుగా సాక్ష్యచట్టములోని 113-బిని చేర్చినవారు నిర్దేశించిరి. కనీస శిక్ష ఏడేండ్ల ఖైదు, గరిష్ఠము యావజ్జీవము. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలో దాని సంఖ్య 80గా మారినదేగాని సారము మారలేదు.

ఈ నలువదేండ్ల చరిత్రను హైదరాబాదులో వెదకువాడు నయాపూల్ వంతెనమీద నిలువవలెను. 1908 నాటి మూసీ వరద నగరమును ముంచెత్తిన పిమ్మట నదీతీరమును తీర్చిదిద్దిన రోజులలో దక్షిణపు గట్టున ఎఱ్ఱరాతితో హైకోర్టు లేచినది. 1920 ఏప్రిల్‌లో ఏడవ నిజాము దానిని ప్రారంభించెను. ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. ఒళ్ళు కాలి ఆ గట్టుకు చేరిన స్త్రీ చివరిగా పలికిన నాలుగు మాటలు, ఏండ్లు గడచిన తరువాత, అప్పీలు కాగితములలో ఈ గట్టుకు చేరుట రెండు మూడు తరములుగా జరుగుచున్నది. ఇపుడు హైకోర్టు కొత్త భవనమునకు రాజేంద్రనగరులో 2024 మార్చి 27న, ఆసుపత్రి కొత్త భవనమునకు గోషామహలులో 2025 జనవరి 31న శంకుస్థాపనలు జరిగినవి. హైకోర్టు, ఆసుపత్రి పాత చోట్లనే ఎదురెదురుగా పనిచేయుచున్నపుడే వీటి నడుమ నడచిన కథను వ్రాసియుంచుట మంచిదని తోచినది.

పూర్వకాలమునుగూర్చి చెప్పగలది కొంచెమే. స్మృతికారులు స్త్రీధనమును విభాగించి చెప్పిరి. దానిపై భర్తకుగల హక్కెంత, లేనిదెంత అని తర్కించిరి. శాసనములు గుడికిచ్చిన మడిచెక్కను కొలతలతో సహా చెప్పును గాని అత్తవారింట చచ్చిపోయిన కోడలి మాట ఎత్తవు. కాకతీయులు పోయిరి, కుతుబ్‌షాహీలు చార్మినారు కట్టిరి, ఆసఫ్‌జాహీలు వచ్చిరి. లాడ్‌బజారులో పెండ్లికూతుళ్ళకొరకు లక్కగాజులు తయారగుచునేయున్నవి. ఆ గాజులు తొడిగించుకొని పోయిన పిల్లలలో ఎందరు చల్లగా కాపురము చేసికొనిరో వ్రాసిపెట్టినవారు లేరు. కోస్తాలో గురజాడ కన్యాశుల్కముపై నాటకము కట్టి 1892లో ఆడించెను. ముప్పదియేండ్లు నిండకమునుపే, 1921లో, కాళ్ళకూరి నారాయణరావు వరవిక్రయము వ్రాయవలసివచ్చెను. అందులో కాళింది పెండ్లికి మునుపే నూతిలో పడి ప్రాణము తీసికొనును. 1939లో అది సినిమాగా వచ్చినపుడు ఆ పాత్రతోనే భానుమతి తెరపైకి వచ్చినది. ప్రేక్షకులు కన్నీరు పెట్టిరి. ఆ నూతి పాపము ఎవరి మెడకు చుట్టుకొనవలెనో చెప్పు ప్రత్యేక చట్టము మాత్రము ఆనాటికి దేశములో లేదు.

1951 ఏప్రిల్ 1న హైదరాబాదు రాజ్యమునకు భారత శిక్షాస్మృతి వర్తించినది. రాష్ట్రము పుట్టిన రెండేండ్లకే, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా నున్నపుడు, 1958లో ఆంధ్రప్రదేశ్ వరకట్న నిషేధ చట్టము వచ్చినది. యావద్దేశములోను దానికి ముందు బీహారుది, 1950 నాటిది, ఒకటి మాత్రము గలదు. తెలుగువారు ఈ విషయములో కేంద్రముకన్న మూడేండ్లు ముందున్నారన్న సంగతి మన పాఠ్యపుస్తకములలో నుండదగినది. 1961 మే 6, 9 తేదీలలో లోక్‌సభ, రాజ్యసభ కలిసి కూర్చుండి కేంద్ర చట్టమును ఆమోదించినవి. స్వతంత్ర భారతములో ఉభయసభల సంయుక్త సమావేశము అదియే మొదటిది. ఆనాటి స్పీకరు తిరుచానూరువాడైన మాడభూషి అనంతశయనము అయ్యంగారు. ఆ చట్టము పదవ సెక్షనులో మన 1958 చట్టమును, బీహారు చట్టమును రద్దుచేసినది. శిక్ష ఆరునెలలు, లేదా అయిదువేల జుల్మానా, లేదా రెండును. కట్నమడిగినవానిపై కేసు నడపవలెనన్నచో ముందుగా రాష్ట్ర ప్రభుత్వపు అనుమతి కావలెను. ఫిర్యాదు ఏడాదిలోపల చేయవలెను. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవానితో సమముగ నేరస్థుడే. కూతురిని పంపిన తండ్రి ఈ చట్టమును చేతబట్టి ఠాణాకు ఎట్లు పోగలడు? పోలేదు. కట్నము చెల్లింపబడుచునే యుండెను. చట్టములో మరణమన్న మాటయే లేదు.

కట్నము వలదన్న మాటను వీధిలో మొదట బిగ్గరగా పలికినది ఈ నగరపు ఆడపిల్లలు. 1974లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థినులు స్థాపించిన ప్రగతిశీల మహిళాసంఘము 1975లో వరకట్నమునకు వ్యతిరేకముగ ఊరేగింపులు జరిపెను. కొన్నిటిలో రెండువేలమందివరకు నడచిరి. ఢిల్లీలో వరకట్న హత్యలపై ప్రదర్శనలు జరుగుటకు అది నాలుగేండ్లు ముందు. ఆ ఏడు జూనులో ఎమర్జెన్సీ వచ్చి ఆ ఉద్యమమును నోరెత్తనీయకుండెను. అది అట్లు తెగిపోకున్న, చట్టము పదేండ్లు ముందుగా వచ్చియుండెడిదని నేను గట్టిగా నమ్ముదును.

ఆ పదేండ్లలోను ఠాణా పుస్తకములలో వ్రాసిన మాట ఒక్కటే: ‘స్టవ్ పేలినది.’ కిరోసిన్ స్టవ్ పేలినపుడు కోడలే ఏల కాలుచుండెను, అత్తగారు, ఆడపడుచు ఏల కాలలేదని అడిగినవారు లేరు. హత్యగా రుజువు చేయవలెనన్న చూచినవాడు కావలెను. ఇంటిలో నున్నవారందరును ముద్దాయి తరపువారే. 1983లో పార్లమెంటు మొదట భార్యపై భర్త, ఆతని బంధువులు చూపు క్రూరత్వమును, 498-ఎగా, నేరము చేసినది. పెండ్లియైన ఏడేండ్లలోపల స్త్రీ ఆత్మహత్య చేసికొన్నను, అనుమానాస్పదముగ మరణించినను పోస్టుమార్టం తప్పనిసరి చేసి, పంచనామాకు మేజిస్ట్రేటు రావలెనన్నది. అందుచేతనే నేడు పాతబస్తీలో ఇట్టి మరణము జరిగినచో పోలీసులతోపాటు తహసీల్దారు శవాగారమునకు వచ్చును.

ఇక ఆ ఆసుపత్రి మంచమువద్దకు పోవుదము. ఈ కేసులలో అనేకము అక్కడనే గెలుచును, అక్కడనే ఓడును. కాలిన గాయములతో స్త్రీ చేరగనే డాక్టరు ఠాణాకు తెలుపును. ఠాణానుండి మేజిస్ట్రేటుకు కబురు పోవును. 1990 నాటి మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసులో ముప్పదిమూడవ నియమము మేజిస్ట్రేటు ఎట్లు నడచుకొనవలెనో చెప్పును. ఆయన వచ్చి, పోలీసులను, బంధువులను బయటికి పంపి, తాను మేజిస్ట్రేటునని ఆమెకు చెప్పి, పేరేమి, భర్త పేరేమి, ఇప్పుడెక్కడనున్నావని చిన్నచిన్న ప్రశ్నలు వేసి తెలివి పరీక్షించును. డాక్టరు పక్కన నిలిచి ఆమె మాటలాడగల స్థితిలో నున్నదని వ్రాసి సంతకము చేయవలెను. ఆమె చెప్పినది ఆమె మాటలలోనే వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొందురు; చేతివ్రేళ్ళు కాలియున్నచో కాలి బొటనవ్రేలి ముద్ర తీసికొందురు. మరణవాఙ్మూలమనబడు ఆ కాగితము ఒకటి రెండు పుటలకు మించదు.

ఆ రెండు పుటలకు ముందే వరండాలో మరియొక సంభాషణ జరిగియుండును. ‘పిల్లల మొగము చూడమ్మా, వాడు జైలుకు పోతే పిల్లలు దిక్కులేని వారవుతారు’ అని ఎవరో చెప్పియుందురు. ఆమె మొదట డాక్టరుతో స్టవ్ పేలినదనును. మరునాడు తల్లి వచ్చి చేయి పట్టుకొనగనే మేజిస్ట్రేటుతో నిజము చెప్పును. ఈ రెండు వాఙ్మూలముల నడుమ ఉన్న భేదమును పట్టుకొని డిఫెన్సు లాయరు కేసును చీల్చును. 1999లో మన రాష్ట్రము నుండియే వెళ్ళిన ఒక కేసులో, డాక్టరు ‘రోగికి స్పృహ ఉన్నది’ అని వ్రాసెను గాని ‘మనఃస్థితి సరిగానున్నది’ అని వ్రాయలేదని సుప్రీంకోర్టు మరణవాఙ్మూలమును తోసిపుచ్చినది. మూడేండ్లకు, 2002లో, రాజ్యాంగ ధర్మాసనము ఆ దృష్టి సరికాదని, డాక్టరు సర్టిఫికెట్టు జాగ్రత్తకొరకే గాని అది లేనంతమాత్రమున నమ్మదగిన వాఙ్మూలము చెల్లకపోదని తేల్చినది.

అదే 2002లో వచ్చిన మరియొక తీర్పు ఈ చరిత్రలో నా మనసును అన్నిటికన్న ఎక్కువగా పట్టియుంచినది. పేర్లు వ్రాయను, ఆ దుఃఖము ఆ కుటుంబమునది. 1988 జూనులో ఒక తెలుగు గ్రామములో పెండ్లి. కన్నవారు పిల్లకు పసుపుకుంకుమ క్రింద అయిదెకరముల భూమి, ఒక ఇంటిస్థలము ఇచ్చిరి. ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కునిచ్చుచు ఎన్.టి.రామారావు ప్రభుత్వము హిందూ వారసత్వ చట్టమును సవరించిన దినములవి. భూమి ఆడదాని పేర నుండుట అన్నది ఊళ్ళలో కొత్త మాట. భర్త ఆ గ్రామములోనే బ్రాంచి పోస్టుమాస్టరు. ఆ భూమిని, ఆ స్థలమును తన పేర వ్రాసి యిమ్మని ఆతడు పట్టుపట్టెను. ఆమె వ్రాయననెను. వేధింపులు మొదలైనవి.

పుట్టింటివారు జాబులు వ్రాయుచునేయుండిరి. ఆ రోజులలో కాపురమునకు పోయిన పిల్ల క్షేమము తెలియుటకు కార్డుముక్కకన్న వేరే దారి లేదు. ఆ జాబులు ఊరి పోస్టాఫీసుకు వచ్చును, పోస్టాఫీసు భర్తదే. ఆతడు వానిని ఆమెకు అందనీయక దాచుచు వచ్చెను. ఊరిలో నలుగురి క్షేమసమాచారములు చేతులారా అందజేయు మనిషి, ఇంటిలోని మనిషికి మాత్రము తల్లిదండ్రుల మాట చేరకుండ చేసెను. ఒకనాడు ఆ జాబులు ఆమె కంటబడినవి. వానిని తీసికొనిపోయి తండ్రికి అప్పగించెను. అవి బయటపడిన భర్త కొలువునకు ముప్పు. తిరిగి తెచ్చి యిమ్మని భర్త హింసించి ఇల్లు వెడలగొట్టెను. 1989 అక్టోబరులో ఆమె విషము త్రాగెను. పెండ్లియై అప్పటికి ఏడాదిన్నర నిండలేదు.

సెషన్సు కోర్టు ఏమన్నది? భూమి ఆమెకు ముందే ఇచ్చినది, స్త్రీధనము. దానిని వ్రాసిమ్మని అడుగుట పెండ్లి సందర్భమున కట్నమడుగుట కాదు. కనుక 304-బి చెల్లదు, క్రూరత్వము మాత్రమే రుజువైనదని. అప్పీలు మూసీ గట్టుమీది హైకోర్టుకు వచ్చినది. ఇక్కడను అదే తీర్పు నిలిచినది. పుట్టింటివారు అంతటితో ఆగలేదు, ఢిల్లీకి పోయిరి. సుప్రీంకోర్టు కట్నము విషయమున క్రింది కోర్టులతో ఏకీభవించినది. అయినను, హింసచేత ఆమెను చావుకు తోసెననుటకు జాబులు దాచిన వృత్తాంతముతో సహా సాక్ష్యము చాలునని, పెండ్లియైన ఏడేండ్లలోపలి ఆత్మహత్య గనుక సాక్ష్యచట్టములోని 113-ఎ వర్తించునని, ఆత్మహత్యకు ప్రేరేపించెనను 306 అభియోగము వేరుగా వ్రాయకున్నను ఆ సంగతులన్నియు అభియోగపత్రములోనే యున్నందున ముద్దాయికి అన్యాయము జరుగలేదని చెప్పి, భర్తకు అయిదేండ్ల కఠినశిక్ష విధించినది. పిల్ల పోయిన పదమూడేండ్లకు వచ్చిన తీర్పది. ఆ పిల్ల జాబులను చింపివేయక, మరల యథాస్థానమున పెట్టక, తండ్రి చేతికిచ్చినందున, అవి కోర్టుముందుకు వచ్చినవి. ఈ తీర్పు చదివినపుడెల్ల ఆ కన్నవారికి మనసులో నమస్కరింతును.

ఆ తరువాతి కథ ఒక త్రోవన నడువదు. 2014లో సుప్రీంకోర్టు ఏడేండ్లలోపు శిక్షగల నేరములలో, 498-ఎతో సహా, వెంటనే అరెస్టు తగదన్నది. 2017లో ఫిర్యాదులను ముందుగా కుటుంబసంక్షేమ సంఘములకు పంపుమన్నది. మరుసటి యేడే ఆ ఏర్పాటును తొలగించినది. 2021 మేలో నాటి కృష్ణాజిల్లా పొన్నవరమువారైన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ, ‘మరణమునకు కొంచెము ముందు’ అనగా ‘తత్‌క్షణమే ముందు’ అని కాదని, హింసకు మృతికి నడుమ సజీవసంబంధమున్న చాలునని తీర్పు వ్రాసెను. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఇల్లు కట్టుకొనుటకు అడిగిన సొమ్మును కట్నమేయన్నది. 2024 డిసెంబరులో తెలంగాణనుండియే వెళ్ళిన ఒక కేసును కొట్టివేయుచు అదే కోర్టు 498-ఎ దుర్వినియోగమగుచున్నదని హెచ్చరించినది. అబద్ధపు కేసులు లేవని నేననను. అవి ఉన్నవని చెప్పి చచ్చిన పిల్లల కాగితములను పక్కకు నెట్టుట మాత్రము నేనొప్పుకొనను. దేశములో 2022లో ఆరువేలకు పైబడి వరకట్న మరణములు నమోదైనవి.

పాతబస్తీలో కిరోసిన్ స్టవ్ దాదాపు కనుమరుగైనది. మరణములు ఉరిత్రాటికి మారినవి. లాల్‌దర్వాజా, అలియాబాదుల తెలుగు ఇండ్లలో లాంఛనములు, ఆడపడుచు కట్నము అని పిలుచునది, షాలిబండ, మొగల్‌పురాల ముస్లిము ఇండ్లలో ‘జోడే కీ రఖం’ అగును. మెహర్ కట్నము కాదని 1961 చట్టమే చెప్పినది. వరునికి నగదుగానిచ్చు జోడే కీ రఖమునకు మాత్రము ఆ మినహాయింపు లేదు. 304-బి యైనను, నేటి 80 యైనను, మతము చూడదు. జాబుల స్థానమున వాట్సాప్ సందేశములు వచ్చినవి; అవియు సాక్ష్యమే.

కనుక ఈ వ్యాసము చదువు తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు నా విన్నపము. పిల్ల ఫోనులో ఏడ్చినపుడు ‘సర్దుకుపో తల్లీ’ అని పెట్టివేయకుడు. పెద్దమనుషుల పంచాయితీ మూడవమారు పెట్టుటకు మునుపు ఆమెను ఇంటికి తెచ్చుకొనుడు. ఆమె పంపిన ప్రతి మాటను, మీరు పంపిన ప్రతి సొమ్మునకు రసీదును దాచియుంచుడు. చట్టము ఏడేండ్ల శిక్ష వేయుటకు ముందు ఒక పిల్ల చావవలెను. ఆమె బ్రతికియుండగనే చేయగల పనులు ఎన్నో కలవు. మహిళా హెల్ప్‌లైను 181 రాత్రింబవళ్ళు పనిచేయును. న్యాయసేవల నంబరు 15100. పురానీహవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థవద్ద, 1987 చట్టపు పండ్రెండవ సెక్షను ప్రకారము, ఏ స్త్రీకైనను, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచితముగ లాయరును ఇత్తురు.