ట్యాబ్ కొంటున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి

ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 21 నుంచి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎ7 లైట్ ఇచ్చింది. రాజుపాలెం వైపు కొత్తది కొనేవాళ్లు దాన్నే కొలతగా పెట్టుకోవచ్చు. దాని తెర 8.7 అంగుళాలు. వీడియో పాఠాలకు చాలు. పీడీఎఫ్ చదవాలంటేనే కష్టం. ఉర్దూ నస్తాలీఖ్ అయితే మరీను, నుక్తాలు కలిసిపోయి కనిపిస్తాయి. ఇంట్లో ఉర్దూ పుస్తకాలు, ఖురాన్ తర్జుమా చదివే పెద్దవాళ్లు కూడా వాడేట్టయితే 10 అంగుళాలు దాటిన తెర తీసుకోండి.

ర్యామ్ 4 జీబీకి తగ్గొద్దు. డబ్బాపై 64 జీబీ అని ఉన్నా అందులో కొంత ఆండ్రాయిడే తినేస్తుంది, మెమరీ కార్డు పడుతుందో లేదో అడగండి. సిమ్ మోడల్ ధర ఎక్కువ. ఇంట్లో ఎప్పుడూ ఒక ఫోన్ ఉంటే వైఫై మోడల్‌కు హాట్‌స్పాట్ చాలు. ఉన్న ఒక్క ఫోన్ అబ్బాతో పాటు పొద్దున్నే ప్రొద్దుటూరు వెళ్లిపోతే మాత్రం సిమ్ మోడలే గతి.

‘వడ్డీ లేని ఈఎంఐ’ అన్నచోట ఆగండి. చాలాసార్లు బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గించి చూపిస్తారు, అంతే. ప్రాసెసింగ్ ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ వేరే. సూద్ వద్దనుకునేవాళ్లు నగదు ధర, ఈఎంఐ మొత్తం రెండూ కాగితంపై రాయించుకోండి. నన్నడిగితే రెండు నెలలు ఆగి నగదుకే కొనడం మేలు.

సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాళ్ల ముందే మీ గూగుల్ అకౌంటు వేసి చూడండి. పాత అకౌంటు తీయకుండా రీసెట్ చేసి ఉంటే అది తెరుచుకోదు. బడిలో ఇచ్చిన ట్యాబ్ ఎంత తక్కువకిస్తామన్నా ముట్టుకోవద్దు.