ముట్టు ఆపే మందుల కథ

గర్భసంచిలోంచి కిందికి పోవాల్సిన ముట్టు రక్తం కొంత వెనక్కి తిరిగి, ట్యూబుల గుండా పొట్టలోకి కారుతుందని కళ్ళారా చూసి రాసినవాడు జాన్ శాంప్సన్. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ అనే ఊళ్ళో డాక్టరు. నెలసరి రోజుల్లో ఆపరేషన్ బల్లమీదికి వచ్చిన ఆడవాళ్ళ పొట్టలో ఏం జరుగుతోందో ఓపిగ్గా గమనించాడు. అండాశయాల మీద తిత్తులు, వాటి నిండా పాతబడి చిక్కబడ్డ గోధుమరంగు రక్తం. ఆ చాక్లెట్ సిస్టుల మీద 1921లో వ్యాసం అచ్చువేశాడు. వెనక్కి కారిన రక్తంతోపాటు గర్భసంచి లోపలి పొర ముక్కలు కూడా పోయి పొట్టలో నాటుకుంటున్నాయని, నెలనెలా అక్కడే ఉబ్బి, రక్తం కారి, చుట్టుపక్కల అవయవాల్ని ఒకదానికొకటి అతికించేస్తున్నాయని 1927లో వాదించాడు. ఎండోమెట్రియోసిస్ అన్న పేరు స్థిరపడింది కూడా ఆయన చేతిమీదుగానే.

తెనాలిలో తీసిన నా స్కానింగ్ రిపోర్టులో ఆ మాటే ఉంది. ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్టు, నాలుగు సెంటీమీటర్లు. డాక్టరమ్మ ప్రిస్క్రిప్షన్ వెనక్కి తిప్పి, బాల్‌పెన్నుతో గర్భసంచి బొమ్మ గీసి, పక్కన ఒకటి రెండు మూడు అని అంకెలు వేసింది. రోజూ మాత్ర, నెలకో ఇంజెక్షను, లేదంటే లాప్రోస్కోపీ. "తొందరేం లేదు, ఆలోచించుకుని రండమ్మా" అంది. నేను ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్పేదాన్ని. మూడు పేర్లు చేతికిస్తే ఏది మంచిదని అడిగేలోపే ఏది ఎక్కడ పుట్టిందని వెతకడం నా జబ్బు.

నొప్పి సంగతి కొత్తది కాదు. చరకుడు చెప్పిన ఇరవై యోనివ్యాపత్తుల్లో ఉదావర్తిని ఒకటి. వాతం పైకి ఎదురుతన్నడంవల్ల ముట్టు కష్టంగా వస్తుందని, స్రావం బయటపడగానే నొప్పి తగ్గుతుందని దాని లక్షణం. చరకుడు చెప్పింది ముట్టు నొప్పి గురించే. పొర దారితప్పి వేరేచోట పెరుగుతుందని సూక్ష్మదర్శిని కింద చూసి రాసింది వియన్నాలో రోకిటాన్‌స్కీ అనే వైద్యుడు, 1860లో. శాంప్సన్ వచ్చి దారి ఎటునుంచో చూపించాడు. అయితే ఆయన లెక్కలో ఒక ముడి మిగిలిపోయింది. రక్తం వెనక్కి కారడం చాలామంది ఆడవాళ్ళలో జరిగేదే. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే. ప్రపంచం మొత్తంమీద దాదాపు 19 కోట్లమందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఒకరికే ఎందుకన్నదానికి ఈరోజుకీ పూర్తి జవాబు లేదు. అందుకే దీన్ని వేళ్ళతో పెకిలించే మందూ లేదు.

మందు లేనిచోట సలహాలు మొలుస్తాయి. దుగ్గిరాలలో మా అమ్మమ్మ వేయించిన ఉప్పు మూటకట్టి పొత్తికడుపు మీద కాపడం పెడుతూ, "ఒక కాన్పైతే అన్నీ సర్దుకుంటాయే" అనేది. అది పల్లెటూరి మాట అనుకుంటాం. బోస్టన్‌లో జో మెగ్స్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ కూడా 1930లు, 40లలో ఇదే మాట వైద్య పత్రికల్లో రాశాడు. కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు పెళ్ళిళ్ళూ కాన్పులూ వాయిదా వేస్తున్నారు, ఈ జబ్బు అందుకే వస్తోంది, త్వరగా పెళ్ళి చేసి త్వరగా పిల్లల్ని కనమనండి. డబ్బిచ్చి చూపించుకునేవాళ్ళలోనే జబ్బు ఎక్కువ కనిపిస్తోందన్నది ఆయన ఆధారం. జబ్బు కనపడాలంటే ముందు మనిషి డాక్టరు దాకా రావాలి గదా! ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ జబ్బన్న ముద్ర మాత్రం ఆ తర్వాత దశాబ్దాలపాటు వదల్లేదు.

మెగ్స్ సలహాని సీసాలో పోసి ఇచ్చింది అదే బోస్టన్‌లోని రాబర్ట్ కిస్ట్నర్. 1957లో అమెరికాలో ఎనోవిడ్ అనే హార్మోన్ మాత్రకి నెలసరి తేడాల మందుగా అనుమతి వచ్చింది. గర్భనిరోధక మాత్రగా అనుమతి 1960లో గానీ రాలేదు. అలాంటి హార్మోన్లు పెద్ద మోతాదులో, మధ్యలో ఆపకుండా ఇస్తే ఒంటికి గర్భం వచ్చినట్టే ఉంటుంది, ముట్టు ఆగుతుంది. 1958లో కిస్ట్నర్ దీన్ని ఉత్తుత్తి గర్భం పేరుతోనే ప్రకటించాడు. వేవిళ్ళు, వాపులు, బరువు కూడా గర్భంలాగే వచ్చాయి, బిడ్డ తప్ప.

రెండో దారి అటువైపునుంచి వచ్చింది. ముట్లుడిగితే నొప్పి తగ్గుతుంది కాబట్టి ముట్లుడిగినట్టు చేద్దామని. 1976లో అమెరికా అనుమతి పొందిన డానజోల్ ప్రత్యేకంగా ఈ జబ్బుకని వచ్చిన మొదటి మందు. నొప్పి తగ్గించేది. దానితోపాటు మొటిమలు, గడ్డంమీద వెంట్రుకలు, బరువు, కొందరికి గొంతు బొంగురుపోవడం. గొంతు మందు మానినా తిరిగి రాకపోవచ్చు. క్లాసు చెప్పి బతికేదాన్ని, అక్కడ ఆగిపోయాను. తర్వాతది ల్యూప్రోలైడ్ ఇంజెక్షను. మెదడునుంచి అండాశయాలకి వచ్చే కబురు ఏ రసాయనంతో వస్తుందో 1971లో షాలీ, గిలెమిన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు, 1977లో నోబెల్ తీసుకున్నారు. ఆ కబురునే ఆపగలిగే ఈ ఇంజెక్షను 1990లో ఎండోమెట్రియోసిస్‌కి వచ్చింది. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు గుల్లబారడం. ఎముకల భయంతోనే దాన్ని ఆరు నెలలకి పరిమితం చేశారు, లేదా కొద్దిగా హార్మోన్ తిరిగి కలిపి ఇస్తారు.

అరవై ఏళ్ళ మందుల చరిత్రంతా ఈ రెండే: గర్భం లాంటిదొకటి, ముదిమి లాంటిదొకటి. ఆడదాని జీవితంలో ముట్టు ఆగే పెద్ద సందర్భాలు రెండే కాబట్టి, వాటినే కాపీ కొట్టారు. అందుకే మందు ఆపితే నొప్పి తిరిగి రావచ్చు. వాడినన్నాళ్ళు కడుపు పండదు. పిల్లలు కావాలనుకునే అమ్మాయికీ, నాలాగా కొడుకు డిగ్రీలో ఉన్నదానికీ ఒకే చీటీ కుదరదు.

ఇక ఆపరేషన్, అంటే లాప్రోస్కోపీ. పొట్ట చీల్చకుండా బొడ్డుదగ్గర గొట్టం దూర్చి చూడడాన్ని 1940లలో పారిస్‌లో రావుల్ పామర్ గాడిలో పెట్టాడు. ఇంగ్లండులో పాట్రిక్ స్టెప్టో 1967లో దానిమీద పుస్తకం రాశాడు. పదకొండేళ్ళ తర్వాత మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టుకలో భాగస్వామి ఆ స్టెప్టోనే. చూడడం తేలికయ్యేసరికి జబ్బుని కొలవడం మొదలైంది. ఒకటి నుంచి నాలుగు దాకా స్టేజీలు 1979లో అమెరికన్ ఫెర్టిలిటీ సొసైటీ పెట్టింది. పేరులోనే ఉంది, వాళ్ళు కొలిచింది పిల్లలు పుట్టే అవకాశాన్ని. నొప్పికి ఆ స్టేజీతో పొత్తు లేదు. నాలుగో స్టేజీలో హాయిగా తిరిగేవాళ్ళున్నారు, ఒకటో స్టేజీలో మంచం దిగలేనివాళ్ళున్నారు. సిస్టు తీయిస్తే నొప్పి తగ్గవచ్చు, కానీ దానితోపాటు అండాల నిల్వ కొంత తగ్గుతుంది, సిస్టు మళ్ళీ రావచ్చు కూడా. జబ్బుని తేల్చడానికే కోయాల్సిన అవసరం లేదని, స్కాన్ చూసి గానీ మాత్ర వాడి గానీ ముందుకు పోవచ్చని యూరప్ వైద్యుల మార్గదర్శకాలు 2022లో చెప్పాయి.

మన దగ్గర ఆపరేషన్ అంటే వేరే కథ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వీళ్ళందరిదీ ఎండోమెట్రియోసిస్ కాదు. ఎక్కువ రక్తస్రావం అని, తెల్లబట్ట అని, "ఇట్టాగే ఉంచితే క్యాన్సరవుద్ది" అని భయపెట్టారని తీయించుకున్నవాళ్ళున్నారు. మా వీధిలో కూడా నాకు మొదట అందిన సలహా "తీసేయించుకో, పీడా పోద్ది". గర్భసంచి గోడలోనే జబ్బున్న అడినోమయోసిస్‌కి ఆ మాట వర్తిస్తుంది. బయట నాటుకున్న పొరలు మాత్రం గర్భసంచి పోయినా అక్కడే ఉంటాయి.

నేను ఎంచుకున్నది మొదటి అంకె, డైనోజెస్ట్, రోజుకి రెండు మిల్లీగ్రాములు. 1979లో అప్పటి తూర్పు జర్మనీలో, జేనా ఊళ్ళో పుట్టిన మందు. బెర్లిన్ గోడ పాఠం చెప్పేటప్పుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అది గర్భం వైపు దారిదే, కాకపోతే చిన్న మోతాదు. మొదట్లో చుక్కలు చుక్కలుగా కనపడుతూనే ఉంది, చిరాకు పుట్టింది, డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆపలేదు. ఇప్పుడు ఇన్విజిలేషన్‌లో మూడు గంటలూ నిలబడుతున్నాను. స్పాట్ వాల్యుయేషన్‌కి మెఫ్తాల్ స్పాస్ నొప్పి మాత్ర పట్టుకుపోవడం మానేశాను. సిస్టు అలాగే ఉంది, ఏడాదికోసారి స్కాన్. పెరిగితే, లేదా మూత్రనాళం మీదికి పోతే ఆపరేషన్. నాకు కావలసింది నొప్పి తగ్గడం, కొలిచింది కూడా నొప్పినే.

మొన్న మా మేనకోడలు నెలనెలా కాలేజీ మానేస్తోందని వదిన చెప్పింది. "సంబంధాలు చూస్తున్నాంలే, పెళ్ళైతే అదే పోద్ది" అంది. ఈ జబ్బు తగ్గడానికని గర్భం తెచ్చుకోమని ఎవరికీ చెప్పకూడదని ఆ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. వదినకి అంత విడమరిచి చెప్పలేదు. "ఆ మందు బోస్టన్‌లో ఎప్పుడో వాడి చూశారు వదినా, పని చెయ్యలేదు. ముందు పిల్లని డాక్టరుకి చూపిద్దాం, సంబంధాలు ఎక్కడికీ పోవు" అన్నాను.