ఒడ్డు కరెంటుకి రెండు పుట్టిళ్లు

అమెరికాలో కట్టిన విహార నౌక ఐరోపా రేవులో లంగరేసి ఒడ్డు కరెంటు అందుకోబోతే ముందు ప్లగ్గే అడ్డుపడుతుంది. పడవది 30 ఆంపియర్ల మెలిక ప్లగ్గు, 120 వోల్టులు. జెట్టీ మీద ఉండేది 16 ఆంపియర్ల నీలం సాకెట్, 230 వోల్టులు. ప్లగ్గు మార్చడం ఎంతసేపు! దాని వెనకున్న తేడా మాత్రం పందొమ్మిదో శతాబ్దం నాటిది.

ఎడిసన్ బల్బులు ప్రయోగశాల దాటి మొదట వెలిగింది ఓడలోనే. 1880లో 'కొలంబియా' అనే ఆవిరి ఓడకు వాటిని అమర్చారు. రెండేళ్లకు న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం సుమారు 110 వోల్టులతో ఇళ్లకు కరెంటిచ్చింది. ఆనాటి బల్బు తట్టుకునేది అంతే. తర్వాత మెరుగైన బల్బులొచ్చాయి. 1899లో బెర్లిన్ విద్యుత్ సంస్థ ధైర్యం చేసి 220కి మారింది. వోల్టేజీ రెట్టింపైతే ఉన్న తీగలే రెట్టింపు భారం మోస్తాయి. వినియోగదారుల పరికరాలు మార్చే ఖర్చు సంస్థే పెట్టుకుంది. రాగి మీద మిగిలిన సొమ్ము దానికి సరిపోయింది. ఐరోపా ఆ దారినే నడిచింది. అమెరికా అప్పటికే లక్షల బల్బులతో పాత వోల్టేజీకి కట్టుబడిపోయింది.

పడవలో ఈ చిక్కు విప్పేది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. చాలావాటిలో ఒడ్డు వైపు 120 వోల్టుల చుట్లు రెండు ఉంటాయి. మూత తీసి, టెర్మినళ్ల మీది రాగి పట్టీలు మార్చి ఆ రెండింటినీ వరసగా కలిపితే 240కి, పక్కపక్కన కలిపితే 120కి సరిపోతాయి. పడవలోకి వెళ్లేది మాత్రం ఎప్పుడూ సుమారు 120. ఇంకో మేలూ ఉంది: ఒడ్డు ఎర్తుతో లోహపు బంధం తెగిపోతుంది కాబట్టి పక్క పడవల వల్ల ప్రొపెల్లరు, జింకు దిమ్మలు తినేయబడవు.

అసలు మొండిది ఫ్రీక్వెన్సీ.

1890ల్లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థ 60 హెర్ట్జ్ ఎంచుకుంది, జర్మనీలో ఏఈజీ సంస్థ 50 పట్టుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ దీన్ని ముట్టుకోలేదు. 60కి చేసిన ఏసీ కంప్రెసర్ 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. వోల్టేజీ తగ్గించకపోతే లోపలి ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోయి మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. ఇప్పటి బ్యాటరీ చార్జర్లలో చాలావాటికి ఈ బాధ లేదు. అందుకే అనుభవజ్ఞులు ఒడ్డు కరెంటుతో చార్జర్ నడిపి, మిగతా సామాను పడవలోని ఇన్వర్టర్‌కి వదిలేస్తారు. అంతకంటే తెలివైన మార్గం కనబడదు.

పెద్ద ఓడలకూ ఇదే తగువు. భారత నౌకాదళం 2007లో అమెరికా నుంచి కొన్న 'ట్రెంటన్', 'జలాశ్వ'గా విశాఖకు చేరింది. 60 హెర్ట్జ్‌కి కట్టిన అలాంటి ఓడ 50 హెర్ట్జ్ గ్రిడ్ కరెంటుని నేరుగా తీసుకోలేదు. నడుమ కన్వర్టరు ఉండాల్సిందే. 2000లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్, 2001లో అలాస్కాలోని జూనో రేవులు ఓడలకు హై వోల్టేజీ కరెంటివ్వడం మొదలుపెట్టాయి. ఒడ్డున ఉన్నంతసేపూ ఓడల డీజిల్ జనరేటర్లు ఆగి, రేవు ఊళ్ల గాలికి ఊరట దొరికింది. 2012లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం వోల్టేజీని 6.6, 11 కిలోవోల్టులకు కుదించింది. ఫ్రీక్వెన్సీని మాత్రం ఒక్కటి చేయలేకపోయింది; కలవని చోట కన్వర్టరు పెట్టుకోవాల్సిందే.