తోక తెగిన చోట కాళ్ళు

తొలకరి పడగానే మన గోదావరి ఒడ్డున బెకబెకలు మొదలవుతాయి. మరాఠీలో బేడూక్ అనండి, తెలుగులో కప్ప అనండి, అది పుట్టేది ఒకే ఒక్క కణం నుంచి. ఆ కణం వేలు, లక్షలుగా చీలాక, నువ్వు కన్నువి, నువ్వు కాలువి అని వాటికి ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉంది. వినండి.

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పెమన్ అనే ఆచార్యుల దగ్గర హిల్డె మాంగోల్డ్ అనే విద్యార్థిని ఉండేవారు. కప్పకు చుట్టమైన న్యూట్ అనే తోక జీవి పిండాలపై ఆమె పని చేశారు. లేత రంగు పిండంలో వీపు కాబోయే చోటి నుంచి చిన్న ముక్క తీసి, ముదురు రంగు పిండం పొట్టవైపు అతికించారు. అక్కడ రెండో శరీరమే మొలిచింది! రంగును బట్టి చూస్తే అందులోని మెదడు, వెన్నుపాము చాలావరకు ముదురు రంగు పిండం కణాలే. అంటే చర్మం కావలసిన కణాలు, కొత్తగా వచ్చిన పొరుగువారి మాట విని మెదడుగా మారాయన్నమాట. ఈ ఫలితం 1924లో అచ్చయింది. అదే ఏడు హిల్డె అగ్నిప్రమాదంలో కన్నుమూశారు. 1935లో నోబెల్ బహుమతి స్పెమన్‌కు వచ్చింది.

ఆ మాటలు రసాయనాల భాషలో ఉంటాయి. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అనే సంకేత ప్రోటీన్లను కప్ప పిండాల్లోనే కనుగొన్నారు.

ఇక మన పొరుగున ఒడిశాకు రండి. భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రిసిల్లా మొహంతి హెజ్మాది, ఆమె సహచరులు బెలూన్ కప్ప పిల్లల తోకలు కత్తిరించి, విటమిన్ ఏ కలిపిన నీటిలో ఉంచారు. మామూలుగా తెగిన తోక మళ్ళీ తోకగానే పెరుగుతుంది. ఇక్కడ కొన్నిటికి తోక చోట కాళ్ళు వచ్చాయి! 1992లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. మరుసటి ఏడు బ్రిటన్‌లో మాల్కం మేడెన్ మరో జాతి కప్పలో ఇదే చూపారు. విటమిన్ ఏ ఒంట్లో రెటినాయిక్ ఆమ్లంగా మారి, నువ్వు శరీరంలో ఫలానా చోట ఉన్నావు అని కణానికి చెబుతుంది. మోతాదు మించితే కణం చిరునామా పొరబడుతుంది.

ఇది కప్పలతో ఆగే ముచ్చట కాదు. తల్లి కడుపులోని బిడ్డ కణాలూ ఇదే సంకేతాన్ని వింటాయి. విటమిన్ ఏ తక్కువైతే రేచీకటి వస్తుంది, నిజమే. కానీ గర్భిణి ఎక్కువ మోతాదు విటమిన్ ఏ బిళ్ళలు గానీ, మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ గానీ వాడితే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. ఆకుకూరలు, క్యారెట్లతో ఆ భయం లేదు. అందుకే అమ్మలారా, అక్కలారా, పక్కింటివారు చెప్పారని మందుల దుకాణంలో బిళ్ళలు కొని మింగకండి. డాక్టరును అడిగి వాడండి.