కార్తె సామెతలు, వాన గుర్తులు

వాన రాకను, వాన లేమిని సూచించే తెలుగు సామెతలు స్థూలంగా రెండు తెగలు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలాన్ని, అంటే కార్తెను, పట్టుకొని చెప్పేవి మొదటివి. ఆకాశాన్ని, పురుగూ పుట్రా తీరునూ బట్టి చెప్పేవి రెండోవి. సంకలనాలు వీటిని కలిపే ఇస్తాయి. నిజానికి మొదటివి సేద్యపు అదనుకు, రెండోవి గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పడే వానకు సంబంధించినవి.

మూలాలు: తెలుగు సామెతల తొలినాటి ముద్రిత సంకలనాల్లో కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో వెలువరించిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ ముఖ్యమైనది. వాన గుర్తుల సంప్రదాయం అంతకన్నా చాలా పాతది. సుమారు 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని ‘బృహత్సంహిత’లో సద్యోవర్ష లక్షణాలకు ఒక అధ్యాయమే ఉంది. చీమలు గుడ్లు మోసుకుపోవడం, పాములు చెట్లెక్కడం అందులో పేర్కొన్నవే.

కార్తెలు: రోహిణిలో (సుమారు మే 25 నుంచి) రోళ్ళు పగులుతాయని, మృగశిర (జూన్ 8 ప్రాంతం) కురిస్తే ముంగిళ్ళు చల్లబడతాయని సామెతలు. నైరుతి రుతుపవనం తెలుగు నేలను తాకేది సాధారణంగా ఈ మృగశిరలోనే. ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు’ అన్నది విత్తుకు అదును చెబుతుంది. ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి’ అనే పాఠమూ ఉంది. ‘చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడుతుంది’ అన్న మాట అక్టోబరులో రుతుపవనాలు మారే వేళ ఒక పొలంలో కురిసి పక్క పొలాన్ని వదిలేసే ఉరుముల వానకు సరిపోతుంది.

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అంటే ఉత్తర (సెప్టెంబరు ద్వితీయార్ధం) దాకా వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకొని వలస పొమ్మని. ఇది తెలుగు ప్రాంతమంతటికీ ఒకేలా వర్తించదు. అనంతపురం ప్రాంతంలో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరే కాబట్టి అది తప్పితే ఆశ సన్నగిల్లుతుంది. ఏటి వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనం వల్ల పొందే నెల్లూరుకు మాత్రం ఉత్తర నాటికి అసలు వానలు ముందే ఉంటాయి. సామెత మెట్ట సీమలకు చెందినదనుకోవడమే సబబు.

గుర్తులు: ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అన్నదానిలో గుడి అంటే చంద్రుడి చుట్టూ ఏర్పడే వలయం, వరదగుడి. దూరపు గుడిని 22 డిగ్రీల వలయంగా, దగ్గర గుడిని చంద్రుణ్ణి అంటిపెట్టుకొని ఉండే కాంతి పరివేషంగా గుర్తించవచ్చు. మొదటిది ఎత్తైన పలుచని మేఘాల్లోని మంచు స్ఫటికాల వల్ల, రెండోది సన్నని నీటి తుంపరల వల్ల కలుగుతాయి. అల్పపీడనం ముందు భాగాన అలాంటి మంచు మేఘాలు తరచు పరుచుకుంటాయి. సామెత మొదటి సగానికి కొంత ఆధారం ఉన్నట్టే. రెండో సగం అంత గట్టిది కాదు.

తూనీగలాడితే తూమెడు వర్షమన్న మాటకు, గాలి తేమెక్కినప్పుడు చిన్న పురుగులు నేలబారుగా ఎగరడం, వాటికోసం తూనీగలు దిగడం కారణం కావచ్చు. ఎర్ర మఖమల్ వంటి ఆరుద్ర పురుగు తొలకరి తర్వాత నేలలోంచి పైకి వస్తుంది. కనుక అది రాబోయే వానకు కాదు, నేల తడిసిందనడానికే గుర్తు.

ప్రాచీనత: అయనచలనం వల్ల కార్తెలు ఋతువులతో పోలిస్తే సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతున్నాయి. ఆ లెక్కన వరాహమిహిరుని నాటి మృగశిర ఇప్పటి మే మూడో వారానికి సమానం, అంటే నడి వేసవి. అందుచేత మృగశిర సామెత ఇప్పటి రూపంలో అంత పాతది కాకపోవచ్చు. గత కొన్ని శతాబ్దాలదనడమే యుక్తం. కార్తె ప్రవేశ దినాలను పంచాంగాలు నేటికీ ఏటా ప్రకటిస్తున్నాయి. గణిత పద్ధతిని బట్టి వాటి మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది.