మలక్‌పేట రేసుల నుంచి మొబైల్ కేసినో దాకా

మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలు పరుగెత్తే రోజున, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన చోట నిలబడి పందెం కాస్తే చట్టం ఏమీ అనదు. అదే గుర్రం మీద అదే రోజున గోడ ఇవతల ఇరానీ హోటల్లో కూర్చుని బుకీ చేతిలో వంద పెడితే కేసు. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం గీసిన గీత ఇది. ఆడింది ఏ ఆట అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆడారు, ఆ చోటు ఎవరిది, దాని మీద ఎవరు తింటున్నారు అన్నవీ హైదరాబాద్ నగరంలో అంతే ముఖ్యం. ఫోన్లో కేసినో ఆడాలనుకునే కుర్రాడు బ్రౌజర్లో తెరవాలా, యాప్ దించుకోవాలా అని ఇవాళ ఆలోచిస్తున్నాడంటే ఆ పాత గోడ ఇప్పుడు అతని జేబులోకి వచ్చిందన్నమాట.

హైదరాబాద్‌లో గుర్రప్పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వాటిని మూసీకి దక్షిణాన, తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు రప్పించాడు. ఆయన ఏలుబడిలోనే ఫసలీ 1305లో, అంటే 1895-96 ప్రాంతంలో, హైదరాబాద్ జూద నిషేధ చట్టం వచ్చింది. నవాబుల పందేలకు మైదానం, గల్లీల్లో జూదానికి పోలీసు! రెండూ ఒకే ప్రభువు హయాంలో జరిగాయి.

ఆ చట్టం వేటాడింది జూదపు ఇంటిని. పేక ముక్కలో పాచికలో పెట్టి, జనాన్ని కూర్చోబెట్టి, ఆట మీద వాటా గుంజుకునే యజమాని దాని అసలు గురి. సోదాలో ముక్కలు దొరికితే చాలు, అది జూదపు ఇల్లేనని అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం పట్టుబడినవాళ్లది. పేకాట స్థావరంపై దాడి, ఇంతమంది అదుపులోకి, ఇంత నగదు, ఇన్ని పేక ముక్కలు స్వాధీనం అంటూ జిల్లా పేజీల్లో నేటికీ వచ్చే వార్తకు అచ్చు అక్కడే పడింది.

ఈ చట్టాన్ని దేశమంతా చదివేలా చేసింది మాత్రం సికింద్రాబాద్‌లోని ఒక పేకాట క్లబ్బు. 1963 మే 4న పోలీసులు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పడ్డారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా రాసిన తీర్పులో రెండు మాటలు తేలాయి. మూడు ముక్కలాట అచ్చంగా అదృష్టం మీద నడిచేది. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట. ఇక క్లబ్బు తీసుకున్న రుసుము గురించి: ముక్కలకీ కుర్చీలకీ సదుపాయాలకీ క్లబ్బు ఎంతో కొంత తీసుకుంటుంది, అంతమాత్రాన అది జూదపు ఇల్లయిపోదు. పందెం మీద లాభం గుంజితే మాత్రం కథ వేరు.

ఆ తీర్పు గొడుగు కిందే నలభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ పుట్టింది. ఏస్‌టుత్రీ, తర్వాత ఏ23గా పేరు మారిన రమ్మీ సైటు, హైదరాబాద్‌దే. తొలి రోజుల్లో ఆట అంటే ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్, బ్రౌజర్లో తెరుచుకునే బల్ల. 2016లో జియో వచ్చి డేటా చౌకయ్యాక బల్ల ఫోన్లోకి మారింది. కానీ డబ్బుతో ఆడే యాప్‌లను గూగుల్ ప్లే స్టోర్ మన దేశంలో చాలాకాలం రానివ్వలేదు. 2020 సెప్టెంబరు 18న ఈ నిబంధన పేరుతో పేటీఎం యాప్‌నే కొన్ని గంటలు తీసేసింది. రమ్మీకీ ఫాంటసీ ఆటలకూ 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మకంగా తలుపు తెరిచింది, కేసినోకి తెరవలేదు. అందుకే కేసినో దుకాణదారులు రెండు దారులు పట్టారు. ఒకటి, బ్రౌజర్లో తెరుచుకునే వెబ్‌సైటు. రెండోది, స్టోరుతో పనిలేకుండా లింకు పంపి దించుకోమనే ఏపీకే ఫైలు. తెలియని చోటు నుంచి వచ్చిన ఫైలని ఫోన్ హెచ్చరిస్తుంది, ఆడేవాడు సరేనని నొక్కేస్తాడు.

ఈలోగా తెలంగాణ ప్రభుత్వం 1967 తీర్పు గొడుగునే మడిచేసింది. 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి, 1974 చట్టంలోని జూదపు ఇంటి నిర్వచనంలో ఇల్లు, గది, గుడారం, వాహనాల సరసన సైబర్ స్పేస్‌ను చేర్చింది. నైపుణ్యపు ఆట అయినా సరే, ఫలితం తెలియని దాని మీద డబ్బు ఒడ్డితే పందెమేనంది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. పేరున్న రమ్మీ కంపెనీలు ఫోన్ లొకేషన్ చూసి తెలంగాణ వాసులను ఆపేశాయి. పేరులేనివి ఆపలేదు.

ఎంతగా ఆపలేదో 2020 ఆగస్టులో బయటపడింది. ఆన్‌లైన్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల ఫిర్యాదులతో తీగ లాగిన హైదరాబాద్ పోలీసులు, ఒక చైనా జాతీయుడితో సహా కొందరిని అరెస్టు చేశారు. ఆట చూస్తే పిల్లలాట: తర్వాత వచ్చే రంగేదో చెప్పాలి, అంతే. చేతులు మారిన సొమ్ము సుమారు 1,100 కోట్లని పోలీసులు లెక్కగట్టారు. వెబ్‌సైటు చిరునామా మారుతూ ఉండేది. కొత్త చిరునామా టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చేది. పాత సభ్యుడు చేరిస్తేనే కొత్తవాడికి ప్రవేశం.

ఇది తెలిశాక బ్రౌజరా, యాపా అన్న ప్రశ్న మరోలా కనిపిస్తుంది. ఎంచుకునేది తానే అని ఆడేవాడు అనుకుంటాడు. నిజానికి ఎంచుకున్నది దుకాణం నడిపేవాడు, అదీ తన అవసరం కొద్దీ. బ్రౌజర్ దారిలో ప్రభుత్వం ఇవాళ మూయించిన సైటు రేపు ఒక్క అక్షరం తేడాతో మళ్లీ వస్తుంది. గెలిచినట్టు చూపే సొమ్ము చిరునామాతో పాటే మాయం. ఏపీకే దారి ఇంకా చెడ్డది. ఫోన్‌బుక్కు, మెసేజీలు, లొకేషన్ చూసేందుకు అనుమతి అడుగుతుంది. మెసేజీలు చూడగలిగితే ఓటీపీలూ చూడగలదు. అర్ధరాత్రి బోనస్ అంటూ మోగేదీ అదే. ఏ దారైనా డబ్బు యూపీఐలో ముక్కూమొహం తెలియనివాడి ఖాతాలోకి పోతుంది. కమీషన్ ఆశకు అలా ఖాతా అద్దెకిచ్చిన కుర్రాళ్లే మొదట పట్టుబడతారు, దుకాణం వెనకున్నవాడు దేశంలోనే ఉండడు.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, నిషేధించింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్ష ఉంది. బ్యాంకులు, చెల్లింపు సంస్థలు ఆ లావాదేవీలు జరపకూడదు. రమ్మీని నైపుణ్యపు ఆటగా నిలబెట్టిన ఊరి నుంచే సవాలు లేచింది. ఏ23 నడిపే సంస్థ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది.

ఈ కేంద్ర చట్టం ఆడేవాణ్ణి శిక్షించదు, ఆడించేవాణ్ణే శిక్షిస్తుంది. ఫసలీ 1305 నాటి అసలు గురి కూడా అతనే. కాబట్టి పాతబస్తీలో ఏ ఇంట్లోనైనా పిల్లవాడు ఇలాంటి దాంట్లో డబ్బు పోగొట్టుకున్నాడని తెలిస్తే పరువుకు వెరచి దాచకండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగే వీలు అంత ఎక్కువ.