పురిటింటి ధూపం

తెలుగు ఇళ్లలో బాలింతకు తలస్నానం చేయించాక సాంబ్రాణి పొగ వేయడం ఎంత సొంత ఆచారంగా స్థిరపడిందంటే, మందమతిని ‘ఒట్టి సాంబ్రాణి’ అని వెక్కిరించేటంతగా నోటికి అలవాటైన ఆ వస్తువు ఈ నేల మీద పుట్టినది కాదన్న సంగతి సాధారణంగా ఎవరికీ స్ఫురించదు. సుమత్రా దీవి ఉత్తరభాగంలో, తపనులి ఎత్తుప్రదేశాల్లో, బతక్ జనులు స్టైరాక్స్ జాతి చెట్ల బెరడుకు గాట్లు పెట్టగా ఊరే పాలవంటి బంక నెలల తరబడి ఆరి గట్టిపడితే సాంబ్రాణి అవుతుంది. అరబ్బులు దీనిని ‘లుబాన్ జావీ’, అంటే జావా ధూపం, అన్నారు; ఆ మాటే యూరపు నోళ్లలో నలిగి ‘బెంజాయిన్’ అయింది. ఆ దీవి పడమటి తీరాన కర్పూరానికి పేరుపడ్డ బరూస్ రేవు దగ్గర, లోబు తువాలో, 1088 నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది. ‘అయిదు వందలవారు’ అని పేరు పొందిన దక్షిణాది వర్తక శ్రేణి అప్పటికే అక్కడ ఉండేదని దానివల్ల తెలుస్తుంది. తెలుగు తీరంలో కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, ఓడ బేహారులకు రక్షణ హామీ ఇస్తూ, చందనం, కర్పూరం, పన్నీరు వంటి సుగంధ ద్రవ్యాల మీద సుంకాలను నిర్ణయించింది.

అయితే పురిటింట ధూపం వేయడం ఈ ఓడసరుకుతో మొదలైనది కాదు. చరక సంహిత శారీరస్థానంలో పసిబిడ్డ బట్టలకు, పక్కకు పొగ పట్టించడానికి యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస, చివరకు పాము కుబుసం కూడా నేతితో కలపాలని ఉంది. సుశ్రుతుడు గాయపడిన రోగి గదిలో ఆవాలు, వేపాకు, ఉప్పు, నెయ్యి కలిపి పూటపూటా ధూపం వేయమన్నాడు. శిశువైద్యానికి ప్రత్యేకించిన కాశ్యప సంహితలో, 1938లో అచ్చయిన ఆ ప్రాచీన గ్రంథంలో, ధూపాలకే ఒక అధ్యాయం ఉంది. ఈ ధూపాలకు చెప్పిన గుణం ప్రధానంగా ‘రక్షోఘ్నం’, అంటే కంటికి కనబడని దుష్టశక్తులను పారదోలేది. పరిమళంతో మనసును సేదదీర్చడం వాటి ముఖ్యోద్దేశం కాదు. తల్లి మనసు సంగతిని చరక సంహిత వేరుగా చూసింది: సూతికాగారం, అంటే పురుటి కోసం ఏర్పరచిన ఇల్లు, పది పన్నెండు రోజులపాటు పాటలతో, వాద్యాలతో, దీవెనలతో, అన్నపానాలతో, ఆమె మీద ప్రేమ గలిగి సంతోషంగా ఉండే మనుషులతో నిండి ఉండాలని నిర్దేశించింది. బాలింత ఉల్లాసాన్ని పొగకు గాక మనుషులకు అప్పగించిన ఈ వివేకం, ధూప ద్రవ్యాల పట్టికలకన్నా ఎక్కువగా గమనించదగినది.

పేర్ల విషయంలో ఇక్కడ ఒక చిక్కుంది. సంస్కృత గ్రంథాల గుగ్గులు పడమటి భారతపు పొడి నేలల్లో పెరిగే ముళ్లపొద బంక. తెలుగువారు దానిని మైసాక్షి అంటారు. తెలుగులో గుగ్గిలం అనే మాట మాత్రం ఎక్కువగా సాల జాతి చెట్ల బంకకు, ఉదాహరణకు శేషాచలం కొండల్లోని జాలారి చెట్టు బంకకు, వర్తిస్తుంది.

ఓడలమీద వచ్చిన సాంబ్రాణి, పురిటింట ధూపం వేసే పాత ఆచారం, ఈ రెండూ పురిటి గదిలో ఒక్కచోట కలిశాయి. నలుగుపెట్టి, కాగిన నీళ్లు పోసిన తరువాత, బాలింతను నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టును మంచం అంచు మీదుగా వేలాడవేసి, కింద కుంపటిలో కణకణలాడే బొగ్గుల మీద సాంబ్రాణి పొడి చల్లేవారు. మంత్రసానో, అమ్మమ్మో పక్కన కూర్చుని, విసనకర్రతో పొగను మళ్లిస్తూ, తడి జుట్టును పాయలుగా విడదీసి ఆరబెట్టేది. సాంబ్రాణితోపాటు వాము పొగ కూడా వేసేవారు. పొగ ముగిశాక కాయం, అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు బెల్లంతో కూర్చిన బాలింత మందు, తినిపించేవారు. పెద్దలు చెప్పే కారణాలు రెండే: తల తడి ఆరి శీతలం చేయకుండా ఉండడం, గాలీ ధూళీ సోకకుండా ఉండడం. ఊరికే ఏడ్చే, ఉలిక్కిపడే, బిడ్డను దగ్గరకు తీసుకోని బాలింతకు ‘గాలి సోకింది’ అనడమే మనోవేదనకు నాటి రోగనిర్ధారణ గనుక, ధూపం ఆ దారిన మనసు మందుగా కూడా పనిచేసిందని భావించవచ్చు. తలుపులు బిగించిన గదిలో పొగ పసిబిడ్డ ఊపిరికి చేటన్న వైద్యుల అభ్యంతరం మాత్రం సబబైనదే.

ఫ్రెంచి రసాయనవేత్త రెనే మోరిస్ గాట్‌ఫోసే 1937లో తన పుస్తకానికి పేరుగా పెట్టిన ‘అరోమాథెరపీ’, అంటే సుగంధ తైలాలతో చికిత్స, పరిమళాన్ని నిప్పు నుంచి వేరుచేసి సీసాలోకి ఎక్కించింది. పురుళ్లు ఆసుపత్రులకు మారాక కుంపటికి చోటు లేకపోయింది. కానీ అదే సాంబ్రాణి టింక్చర్ బెంజాయిన్ పేరుతో, జలుబుకు ఆవిరి పట్టే మందుగా, గోధుమరంగు సీసాలో ఆసుపత్రి అలమరల్లోకి చేరింది. ఇళ్లలోకి ఇటీవల కప్పు సాంబ్రాణి వచ్చింది: బొగ్గుపొడిని చిన్న గిన్నెలా అదిమి, లోపల సాంబ్రాణి నింపి అమ్ముతారు. అంచుకు అగ్గిపుల్ల అంటించి గది మూలన పెడితే అదే కాలుతుంది. విసరడానికి గానీ, జుట్టు పాయలు విడదీయడానికి గానీ పక్కన ఎవరూ కూర్చోనక్కరలేదు.